చెప్పులతో సహా తూకం

మా ఇంటికి ఎదురుగా, బోధన్ వెళ్ళే రోడ్డు పక్కన, లారీలు తూచే కాంటా ఒకటి ఉంది. నేల మట్టానికి పరిచిన ఆ ఇనుప పలక మీదికి లారీ ఎక్కిన ప్రతిసారీ రెండు మోతలు వినిపిస్తాయి. ముందు చక్రాలు ఎక్కినప్పుడు ఒకటి, వెనక చక్రాలు ఎక్కినప్పుడు మరొకటి. మొదటిది తేలిక, రెండోది బరువు. నిజామాబాదులో ఈ ఇల్లు తీసుకునేటప్పుడు, ఆ చప్పుడుకు నాకు నిద్ర పట్టదేమోనని మా పిల్లలు సందేహించారు. నాకైతే ఆ చప్పుడు లేకపోతేనే వెలితిగా ఉంటుంది. బోధన్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు బండ్లను తూచే కాంటా గదిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఈ ఉదయం టీ తాగుతుండగా మొదటి మోత వినిపించింది గాని రెండోది ఆలస్యమయింది. డ్రైవరు బండిని సగం ఎక్కించి ఆపాడు కాబోలు. ఆ రెండు మోతల నడుమ ఖాళీలో, కప్పు ఇంకా చేతిలో ఉండగానే, విఠల్‌రావు సార్ గొంతు విన్నట్టయింది: "ఏంది శంకరయ్యా, సగం బండిని తూస్తున్నవా?"

విఠల్‌రావు సార్ మా కాంటా గదికి అధికారి. నేను ఆయన కింద గుమస్తాగా చేరి, ఆయన తర్వాత ఆ కుర్చీలోనే కూర్చుని పదవీ విరమణ చేశాను. పోయిన వర్షాకాలంలో ఆయన కాలం చేశారు. చూడని వారికి ఆయనను చూపించడం నాకు కష్టమైన పని; ఎందుకంటే నేను తారీఖునూ అంకెనూ తప్ప మరి దేన్నీ నమ్మకుండా బతికినవాణ్ణి. మనిషి ఆరడుగుల పొడుగు, అందుకు తగిన లావు. ఇంతవరకు నాకు సులువే. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు కలాలు, చేతిలో నీళ్ళ స్టీలు సీసా. సరిహద్దు అవతలి నుంచి వచ్చే బండ్లవాళ్ళతో మరాఠీలో, కోటగిరి, మోస్రా రైతులతో తెలుగులో, ఫ్యాక్టరీ పై అధికారులతో ఉర్దూలో మాట్లాడేవారు. మూడింటిలోనూ ఒకే తీరుగా నెమ్మదిగా, ప్రతి మాటనూ కాంటా మీద పెట్టి తీస్తున్నట్టు మాట్లాడేవారు. తక్కినది చెప్పాలంటే సన్నివేశాలే దిక్కు.

మా పని పైకి చాలా చిన్నది. చెరుకుతో నిండిన బండి కాంటా మీదికి వస్తుంది. ఆ బరువు గ్రాస్. చెరుకు దింపి ఖాళీ బండి మళ్ళీ వస్తుంది, అది టేర్. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలేది నెట్. రైతుకు లెక్క కట్టేది ఆ నెట్ మీదనే. నేను చేరిన మొదటి సీజనులో ఈ తీసివేత నాకు ఎంతగా పట్టిందంటే, ముల్లు మీదినుంచి కన్ను తీసేవాణ్ణి కాదు. ఒకనాడు ఒక బండి ఎక్కింది. ముల్లు నిలిచింది. నేను అంకె వేయబోతుండగా సార్ నా చేయి పట్టుకుని ఆపి, కిటికీ వైపు నా గడ్డం తిప్పారు. చెరుకు కట్టల మీద, ఆకులు కప్పుకుని ఒక ముసలమ్మ ముడుచుకుని పడుకుని ఉంది.

"శంకరయ్యా, అవ్వను గూడ గానుగల పెడ్తమా?" అన్నారు సార్.

బండి తోలే మనిషి నాలుక కరుచుకున్నాడు. ముసలమ్మ మాత్రం తాపీగా లేచి కూర్చుని, ఆకులు దులుపుకుంటూ నన్ను చూసి, "నన్ను పెడితె ఏమొస్తది బిడ్డా? రసమంత నా కోడండ్లు పిండుకున్నరు. మిగిలింది పిప్పే," అంది. కాంటా దగ్గర ఉన్న వాళ్ళంతా నవ్వారు. సార్ ఆమెను చేయిచ్చి దింపి, బల్ల మీద కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్ళు ఇచ్చి, అప్పుడు బండిని మళ్ళీ తూయించారు. తర్వాత నాతో, "ముల్లు అబద్ధమాడలే. ఎక్కినదంత చెప్పింది. ఎక్కింది ఏందో చూసుడు నీ పని. ముందుగాల బండిని చూడు, ఎన్కసిరి అంకెను చూడు," అన్నారు. నేను తల ఊపాను గాని, నిజానికి ఆ మాటను అంత పట్టించుకోలేదు. అంకె నిర్ధారణ అయిన తర్వాత బండిని చూడవలసిన అవసరం ఏముంటుందని నా మనసులో ఉండేది.

మరొక సీజనులో కోటగిరి నుంచి వచ్చిన సాయిలు అనే రైతు, మా కాంటా తక్కువ చూపిస్తున్నదని రభస చేశాడు. వెనక బండ్ల వరుస ఆగిపోయింది. సార్ కోపం తెచ్చుకోలేదు. గదిలోంచి బయటికి వచ్చి, "అందరు ఎక్కుండ్రి," అన్నారు. మేము గుమస్తాలం, కాపలావాడు, బండ్లవాళ్ళు, సాయిలు, సార్ అందరం ఆ ఇనుప పలక మీద పెళ్ళి ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డాం. బరువు రాసుకున్నారు. తర్వాత గేటు బయట ధాన్యం వ్యాపారి చిన్న కాంటా మీద ఒక్కొక్కరినీ తూయించి, కూడి చూడమన్నారు. చెప్పులు, రుమాళ్ళు, అన్నం డబ్బాలు పక్కన పెట్టిస్తే లెక్క శుభ్రంగా ఉంటుందని నేను సలహా ఇచ్చాను.

"వద్దు," అన్నారు సార్. "మనిషి ఎట్లొచ్చిండో గట్లనే ఎక్కాలె. డబ్బ మోసేది గూడ ఆయననే గద."

రెండు లెక్కలూ కలిశాయి. సాయిలు కాసేపు రెండు కాంటాలనూ మార్చి మార్చి చూసి, "నీ కాంటా మంచిదే పటేలా. నా చెరుకే సన్నవడ్డది," అన్నాడు. సార్ అతని భుజం మీద చేయి వేసి, నీరు ఏ కాలువ నుంచి పారుతున్నది, ఎన్ని తడులు అందాయి అని అడుగుతూ బండి దాకా నడిచారు. రైతు మీద అంత దయ ఆయనకు ఎక్కడినుంచి వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు. బాధపడే మనిషిని చూస్తే నాకు ముందు సంఖ్య గుర్తుకు వచ్చేది. ఆయనకు మనిషే కనిపించేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఆయన విరమించారు, నేను విరమించాను, ఫ్యాక్టరీ గానుగలు ఆగాయి. నేను నిజామాబాదుకు మారాను. సార్ బోధన్‌లోనే కూతురు సుజాత ఇంట్లో ఉండేవారు. అప్పుడప్పుడు బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ఒకసారి వెళ్ళినప్పుడు, నేను పక్కగా వచ్చి కుర్చీలో కూర్చున్నా ఆయన పలకరించలేదు. ఎదురుగా జరిగాక, "నువ్వా శంకరయ్యా, ఎప్పుడొచ్చినవ్?" అన్నారు. నీటికాసుల జబ్బు అని సుజాత చెప్పింది. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందట. పోయిన చూపు తిరిగి రాదు. మందులతో మిగిలిన దాన్ని కొంతకాలం నిలపగలరు, అంతే.

"చుట్టు చీకటి, నడుమ కిటికి," అన్నారు సార్, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు. "మన కాంటా గది కిటికి అంత ఉన్నదిప్పుడు. ఉద్యోగమంత ఆ కిటికిలకెల్లే చూసిన. మల్ల గదే కిటికి ఇచ్చి గూసోమన్నడు దేవుడు." కొంచెం ఆగి, "అది గూడ మూసుకపోయే ముందర, కిటికిల పట్టనిదేదన్న ఒక్కటి చూడాలె," అన్నారు.

అదేమిటో ఆయన ముందే తేల్చుకుని ఉన్నారు. కడప జిల్లా గండికోట దగ్గర పెన్నా నది రాతి కొండను కోసుకుంటూ లోతైన లోయలో పారుతుంది. ఆ లోయ అంచున సాహస క్రీడల శిబిరం ఒకటి నడుస్తున్నదని సుజాత ఫోనులో ఆయన చూశారు. ఒక గట్టు నుంచి ఎదుటి గట్టుకు కట్టిన ఇనుప తాడుకు మనిషిని పట్టీలతో వేలాడదీసి జారవిడుస్తారు, జిప్‌లైన్ అంటారు. "నడుమకు పోయినంక కింద లోయ, ముందర లోయ, రెండు దిక్కుల లోయ. గీ కిటికిని ఎటు తిప్పినా నిండుగ కనవడుతది," అని వివరించారు. ఆ వాదనలో నాకు తప్పు దొరకలేదు.

సుజాత మాత్రం తల పట్టుకుంది. "డెబ్బై దాటినంక తాడుకు ఏలాడుడు ఏంది బాపు? నల్గురు నవ్వరా?"

"నవ్వనీ బిడ్డా. పక్కకుండి నవ్వేటోళ్ళు నాకెట్లనో కనవడరు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కంటి డాక్టరును అడిగితే, తలకిందులు చేసేవి మాత్రం వద్దన్నాడు. గుండె డాక్టరు సరేనన్నాడు. చివరికి సుజాత నా వైపు తిరిగి, "శంకరయ్య కాకా, నువ్వు ఎంబడి పోతెనే పంపుత. నువ్వైతె అన్నీ లెక్క చూసుకుంటవు," అంది. నేను వెంట వెళ్ళి గట్టు మీద నిలబడి చూసే మనిషిగానే ఒప్పుకున్నాను. ఎత్తులకు, నీళ్ళకు నేను దూరం.

లెక్క చూసుకున్నాను కూడా. శిబిరానికి ఫోను చేసి వాళ్ళ నియమాలు అడిగాను. జిప్‌లైన్‌కు నూరు కిలోలు దాటకూడదు. సార్‌ను నిజామాబాదు గంజ్‌లో నాకు తెలిసిన బియ్యం దుకాణానికి తీసుకువెళ్ళి కాంటా మీద నిలబెట్టాను. నూట ఒకటి చూపింది. అప్పుడు నేను నా చేతికి అలవాటైన పని చేశాను. ఆయన బూట్లు విడిగా తూచాను. అలాంటిదే ఒక జత బట్టలు, కోటు తూచాను. నీళ్ళతో నిండిన సీసా తూచాను. అన్నీ తీసివేస్తే తొంభై ఏడు తేలింది. "తొంభై ఏడు నెట్, సార్," అని ప్రకటించాను. "ఖాయమా?" అన్నారు. "ఖాయం," అన్నాను. ఆయన మరి అడగలేదు. నా తీసివేతను ఆయన జీవితంలో ఎన్నడూ తిరిగి సరిచూడలేదు.

నిజామాబాదు నుంచి తిరుపతి వెళ్ళే రైలు ఎక్కాం. ఆ బండిలో కూర్చున్న ప్రతివాడూ కొండకే వెళుతున్నాడని అందరి నమ్మకం. డిచ్‌పల్లి దాటకముందే ఎదుటి సీటు అమ్మ, "దర్శనం టికెట్లు దొరికినయా అన్నా?" అని అడిగింది.

"దొరికినయ్ చెల్లె. కాని మాది ఎక్కుడు గాదు, దిగుడు," అన్నారు సార్. ఆమెకు అర్థం కాక నా వైపు చూసింది. తాడు సంగతి చెబితే, నమ్మకుండా తన భర్తను లేపి మరీ చెప్పింది. తెల్లవారి, గండికోటకు దగ్గరి స్టేషను ముద్దనూరులో మేము దిగుతుంటే ఆ దంపతులు కిటికీలోంచి చేతులు ఊపారు. ఆమె ఊపుతున్నది సార్‌కు కనిపించలేదు. నేను చెప్పాక, బండి కదిలిన దిక్కుకు తిరిగి ఆయన చాలాసేపు చేయి ఊపారు.

లోయ అంచుకు చేరేసరికి ఎండ ఇంకా లేతగా ఉంది. సార్ కమ్మీ పట్టుకుని నిలబడి, తలను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, వరుస తప్పకుండా తిప్పుతూ చూశారు. కొంతసేపటికి, "ఒడుస్తలేదు శంకరయ్యా," అన్నారు. ఎంత చూసినా లోయ తరగడం లేదని, గొంతులో చిన్నపిల్లల సంబరం. నేను కమ్మీకి బారెడు దూరంలో ఆగి, ఇనుప తాడు మందం, దాన్ని మార్చే గడువు, రోజుకు దాటేవారి సంఖ్య అక్కడి శిక్షకురాలిని అడుగుతున్నాను. ఆమె పేరు రమీజా. మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది. పట్టీలు సర్దుతూనే అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి, "సార్, తాడు సంగతి నేను సూసుకుంటా. మీరు కాళ్ళ కాడ సూసుకోండి, రాయి ఉంది," అంది.

సార్‌కు పట్టీలు బిగించి, తలకు టోపీ పెట్టి, కాంటా మీద నిలబెట్టారు. రమీజా అంకె చూసి తల అడ్డంగా ఊపింది. "పెద్దాయనా, నూట నాలుగు ఉండారు. నూరు దాటితే ఎక్కించేది లేదు."

"తొంభై ఏడే అమ్మా," అన్నాను. "నేను స్వయంగా తూచాను." బూట్లు, బట్టలు, సీసా విడివిడిగా తీసివేసిన వైనం ఆమెకు వివరించాను. చెబుతుండగానే నా గొంతు సన్నబడటం నాకే వినిపించింది.

ఆమె వెటకారంగా అనలేదు. నిదానంగానే అంది: "బూట్లు గట్టు మీద ఇడిచిపెట్టి పోతారా సార్? గుడ్డలు ఇడిచిపెట్టి పోతారా? తాడు మోసేది అన్నిట్నీ కదా."

కాంటా గదిలో నెట్ కోసం బతికిన నేను, తాడుకు కావలసింది గ్రాస్ అన్న సంగతి మరిచిపోయాను. సార్ జేబులు ఖాళీ చేశారు. సీసా, తాళాలు, యాలకుల డబ్బీ, కళ్ళ మందు, రెండు కలాలు బల్ల మీదికి చేరాయి. కోటు విప్పారు. మళ్ళీ ఎక్కారు. నూట రెండు. పక్కనే తాళ్ళు చుడుతున్న పనివాడు జాలిపడి, "రెండు కేజీలే కదక్కా, పోనీలే," అన్నాడు. రమీజా అతని వైపు చూసింది. అతను మళ్ళీ తాళ్ళ మీదికి వంగాడు.

"ఆమె జేసిందే కరెక్టు," అన్నారు సార్ కాంటా దిగుతూ. "రెండు కిలోలే గద అన్నోళ్ళను నేను మస్తు మందిని ఎన్కకు పంపిన. ఇయ్యాల నా వంతు." నవ్వుతూనే అన్నారు. కాని పట్టీలు విప్పుతున్నంతసేపూ ఆయన లోయ వైపు చూడలేదు. బల్ల మీద కూర్చున్నాక, నాకు మాత్రమే వినబడేలా, "బరువు దించుకొని రెండు నెలలకు మల్ల రావచ్చు. అప్పటికి కిటికి ఉంటదా, ఉండదా, గదే తెలువది," అన్నారు. అది డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.

రమీజా పట్టీలు కొక్కేనికి తగిలించి, మా దగ్గరికి వచ్చి కూర్చుంది. "పడవ ఉంది పెద్దాయనా. ఇద్దరు కూర్చుని తెడ్లు ఏసుకుంటా పోయేది. పై నుంచి సూసినదానికన్నా కింద నుంచి సూస్తేనే లోయ పెద్దగా అగుపిస్తాది. ఇద్దరికీ కలిపి నూట ఎనభై దాకా పర్వాలేదు. నేను వేరే పడవలో పక్కనే ఉంటా. కానీ రెండో మనిషి కావల్ల." ఇంతవరకు చెప్పి నా వైపు చూసింది.

నాకు ఈత రాదన్నాను. జాకెట్టు తేలుస్తుందని ఆమె అంది. నేను చూడటానికి వచ్చిన మనిషినన్నాను. సార్ లేచి, తడుముకుంటూ కాంటా దగ్గరికి వెళ్ళి, బూట్లతో, కోటుతో, అన్నీ తిరిగి జేబుల్లో వేసుకుని ఎక్కి నిలబడి, చేయి చాచారు.

"రా శంకరయ్యా. ఇద్దరం కల్సి ఎక్కుదం. చెప్పులు ఇడువకు."

ఎక్కాను. ఆ చిన్న పలక మీద ఇద్దరం పట్టాలంటే ఒకరినొకరు పట్టుకోక తప్పలేదు. ఆయన చేయి నా భుజం మీద, నా చేయి ఆయన నడుము చుట్టూ. వయసు మళ్ళిన ఇద్దరు మనుషులు కొత్తగా నడక నేర్చుకునే పిల్లల్లా ఊగుతుంటే ముల్లు కూడా ఊగి ఊగి నిలిచింది.

"ఎంతున్నది? నాకు కనవడ్తలేదు, నువ్వే చెప్పు," అన్నారు.

ఎదురుగా ఉన్న అంకె ఆయనకు కనిపించడం లేదన్నది అబద్ధం. అయినా చెప్పాను. "నూట యాభై తొమ్మిది, సార్."

"గ్రాసా, నెట్టా?"

"గ్రాస్."

"మరింక? అంకెనే నమ్ముతవు గద. నమ్ము," అన్నారు.

కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ మిగలలేదు. భయం ఉంది. కాని భయానికి తూకం లేదు.

నీటి దగ్గరికి దిగే దారి పొడుగునా ఆయన నా భుజం పట్టుకుని నడిచారు. జాకెట్లు బిగించి, ఆయనను ముందు, నన్ను వెనక కూర్చోబెట్టి పడవను నెట్టారు. మొదటి ఊపుకు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఒడ్డు లేదు. రెండు వైపులా రాతి గోడలు లేచి ఉన్నాయి, మీద సన్నటి ఆకాశం. సార్ చూపు నేరుగా ముందుకే. కొంత దూరం పోయాక ఆయన, "ఎడమ దిక్కు ఏమున్నది?" అని అడిగారు. తల తిప్పితే పడవ ఒరుగుతుందని రమీజా ఇద్దరినీ హెచ్చరించింది. కనుక తల తిప్పకుండానే పక్కలు కనిపించే నేనే అవి చెప్పాలి.

"గోడ ఉంది సార్. ఎత్తు సుమారు..."

"ఎత్తు పైన బోర్డు మీద రాసున్నది. సుజాతతోని చదివించుకుంట. ఎట్లున్నదో చెప్పు."

"ఎర్రగా ఉంది."

"ఏం ఎరుపు?"

జీవితంలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. చాలాసేపు చూసి, "ఉడకబెట్టి ఎండిన పసుపు కొమ్మును విరిస్తే లోపల ఉంటుందే, ఆ రంగు," అన్నాను. సార్ తెడ్డు ఆపారు. "ఇంక?" అన్నారు. "రాళ్ళు పలకలు పలకలుగా పేర్చి ఉన్నాయి సార్. మన గోడౌన్‌లో చక్కెర బస్తాలను దొంతరలుగా పేర్చిన థాకుల్లాగా. హమాలీలు కొన్ని బస్తాలను కొంచెం ముందుకు వదిలేసినట్టు అక్కడక్కడ అంచులు బయటికి వచ్చాయి." "నీళ్ళు?" "గానుగ నుంచి అప్పుడే వచ్చిన రసం. ఇంకా సున్నం వేసి తేర్చని మడ్డి రసం." ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారో మరేమిటో వెనక నుంచి నాకు తెలియలేదు.

ఒక మలుపు తిరగగానే గాలి కొట్టింది. పడవ ముక్కు పక్కకు తిరిగి, కుడి గోడ మా మీదికి రావడం మొదలుపెట్టింది. సార్‌కు ఆ గోడ కనిపించదు. వెనక నుంచి రమీజా ఏదో అరుస్తున్నది. లోయలో ఆ మాట రెండు మూడుసార్లు తిరిగి గందరగోళమయింది. నేను దూరం అంచనా కడుతున్నాను. పది గజాలా, ఎనిమిదా.

"శంకరయ్యా! ఏ దిక్కు?"

"సార్, ఎనిమిది గజాలు..."

"దూరం అడిగిన్నా? దిక్కు చెప్పు!"

"కుడి! కుడి దిక్కు గోడ! కుడి పక్కన కొట్టుండ్రి సార్, గట్టిగ కొట్టుండ్రి!" అని అరిచాను. ఆ క్షణంలో నాకే తెలియకుండా నా నోట మా అమ్మ భాష వచ్చింది. ఆ పెద్ద శరీరం ఒక్కసారి ముందుకు వంగి తెడ్డు వేసింది. ఆయన బరువు అంతటినీ ఆ తెడ్డు మీద చూశాను. నేనూ వేశాను. మోచేతికి తగిలేంత దగ్గరగా రాయి జారిపోయింది. పగులులో మొలిచిన ఒక చిన్న మొక్క ఆకులు నా చెవిని తాకాయి. పడవ నెమ్మదించింది. రమీజా వచ్చి మా పక్కన చేరి, "బాగా కొట్టినారు సామీ! ఎవురు సెప్పినారు దిక్కు?" అంది.

"మా గుమస్త," అన్నారు సార్ రొప్పుతూ. "ఇయ్యాలటి సంది బండిని చూస్తుండు."

తిరుగు ప్రయాణంలో నేను ఆపకుండా చెబుతూనే వచ్చాను. పైన ఎగిరే పక్షులు, రాతి మీద నీటి మట్టం వదిలిన తెల్లటి చారలు, ఎండ ఎక్కే కొద్దీ మారే రంగులు. ఒడ్డు వచ్చింది గాని నా మాట ఆగలేదు.

ఆ తర్వాత ఏడాది తిరగకుండానే కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. వారం వారం బోధన్ బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. వెళ్ళగానే ఆయన అడిగేది ఒకటే: "తొవ్వల ఏం చూసినవ్?" పొలాల్లో వరి ఏ దశలో ఉంది, ఎవరి ఇంటికి కొత్త రంగు వేశారు, బస్సులో ఎవరు ఎవరితో తగువు పడ్డారు, అన్నీ చెప్పాలి. చెప్పాలంటే చూడాలి. అలా, పదవీ విరమణ చేసిన ఎన్నో ఏళ్ళకు, నా మొదటి సీజనులో ఆయన అప్పగించిన పనిని మొదలుపెట్టాను. చివర్లో మాత్రం తప్పకుండా, "లోయ చెప్పు," అనేవారు. చెప్పేవాణ్ణి. ఒకసారి మధ్యలో ఆపి, "పోయిన వారం పసుపు కొమ్ము అన్నవు. ఇయ్యాల దానిమ్మ పొట్టు అంటున్నవు. ఏది ఖాయం?" అని నిలదీశారు.

"రెండూ సార్. పొద్దున అది, ఎండెక్కినంక ఇది."

ఆయన కళ్ళు మూసుకుని ఆ రెంటినీ పోల్చి చూసుకున్నారు. "గది. ఇప్పుడు సరిపోయింది," అన్నారు. మా నడుమ చివరగా జరిగిన సంభాషణలలో అదొకటి. ఆ తారీఖు నాకు తెలుసు. ఇక్కడ రాయవలసిన అవసరం కనిపించలేదు.

మొన్న రక్తపోటు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు బరువు చూసే మిషను ముందుకు జరిపి, "తాతా, చెప్పులు ఇడిచి, ఆ సంచి పక్కకు పెట్టి ఎక్కు," అంది. నేను చెప్పులతో, సంచితో, గొడుగుతో ఎక్కాను. "గివన్ని ఎందుకే తాతా? లెక్క తప్పుతది," అని నవ్వింది. "రాసుకో బిడ్డా," అన్నాను. "ఇంటిదాక ఇవన్ని మోసుకపోయేది నేనే గద."

ఇందాక సగంలో ఆగిన లారీ చివరికి కదిలింది. రెండో మోత వినిపించింది. నేను కప్పు కింద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడైతే ఆ కాంటా గది గోడ మీద ఎర్రగా వెలిగే అంకె కోసం చూసేవాణ్ణి. ఇప్పుడు లారీని చూశాను. పసుపు బస్తాలు. వెనక వైపు ఒక బస్తా కుట్టు ఊడి, సన్నటి పసుపు ధార కారి, ఇనుప పలక మీద పడుతున్నది. బస్తాల మీద ఒక హమాలీ తల కింద చేయి పెట్టుకుని నిద్రపోతున్నాడు. కాంటావాడు అతణ్ణి చూడకుండానే అంకె వేసుకుంటున్నాడు. ఎడమ పక్క కనిపించని మనిషి ఎవరో నా ముందు కూర్చుని ఉన్నట్టు, ఇవన్నీ ఒక్కొక్కటే పైకి చెప్పాను. తర్వాత చెప్పులు వేసుకుని, హమాలీ సంగతి చెప్పి రావడానికి రోడ్డు దాటాను.